దాణా ఎవరు వేశారు?

ప్రశ్న: ఇద్దరం ఉద్యోగాలు చేసుకుంటూ పెరట్లో నాలుగు మేకల్ని, పాతిక కోళ్లని పెంచుతున్నాం. పొద్దున మావారు, సాయంత్రం నేను మేత వేస్తాం. పోయిన నెల ఒక మేక మేత మానేసి, పళ్లు కొరుకుతూ పడుకుండిపోయింది. ముందురోజు మొక్కజొన్న ఇద్దరం వేశామని తర్వాత తెలిసింది. అంత చిన్న పొరపాటుకే జబ్బు చేస్తుందా?

జవాబు: చేస్తుంది, ప్రాణం కూడా పోవచ్చు. మేక పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు ఆకుకి, గడ్డికి అలవాటుపడి ఉంటాయి. ఒక్కసారిగా గింజలు ఎక్కువ పడితే అవి పులిసి లాక్టిక్ ఆమ్లం పుడుతుంది, పొట్ట కదలడం ఆగిపోతుంది, ఒంట్లో నీరంతా పొట్టలోకి లాగేస్తుంది. అప్పుడు ఎడమ డొక్క నొక్కి చూస్తే లోపల నీళ్లు తొణికినట్టు ఉంటుంది. పెంటికలు పోయి పుల్లటి వాసనతో పలచగా పారుకుంటుంది. బాగున్న మేక ఎడమ డొక్క మీద అరచెయ్యి ఆనిస్తే నిమిషానికి ఒకటి రెండుసార్లు లేచి పడడం తెలుస్తుంది. రోజూ ఒకసారి అలా చెయ్యి పెట్టి చూడండి. అలవాటైతే తేడా ఇట్టే పట్టేస్తారు.

గింజలు ఎక్కువ తిన్నదని తెలిసిన వెంటనే దాణా పూర్తిగా ఆపి, ఎండుగడ్డి, మంచినీళ్లు మాత్రమే ఉంచండి. లేచి నిలబడగలిగే 30 కిలోల మేకకి 20 గ్రాముల వంటసోడా పావులీటరు నీళ్లలో కలిపి మూతి పక్కనుంచి కొద్దికొద్దిగా తాగించవచ్చు. తల పైకెత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లేవలేక పడిపోయిన మేకకి నోట్లో ఏమీ పోయకుండా పశువుల డాక్టర్ని పిలవండి. పేగుల్లో విషం పుట్టి హఠాత్తుగా చంపే చిటుకు రోగం కూడా ఇలాంటి అతిమేపు తర్వాతే విరుచుకుపడుతుంది. దాని టీకా మొదట రెండు విడతలు, ఆ తర్వాత ఏటా వేయించాలి.

ఇక అసలు సంగతి. ‘వేశావా?’ అని అడిగి చెప్పుకోవడం హడావుడి పొద్దుల్లో కుదరదు. రాత్రి పడుకునేముందే రేపటి దాణా తూచి రెండు డబ్బాల్లో పోసి, ఒకదాని మీద ‘పొద్దున’, రెండోదాని మీద ‘సాయంత్రం’ అని రాసి పెట్టండి. డబ్బా ఖాళీగా ఉంటే వేసినట్టే. పెద్ద డ్రమ్ముకి తాళం వేయండి, మూత ఎత్తడం మేకలకీ వచ్చు. గ్లాసు కొలతని నమ్మకండి: గ్లాసుడు తవుడు, గ్లాసుడు మొక్కజొన్న ఒకే బరువు తూగవు. మంచి మేత దొరుకుతూ పాలివ్వని పెద్ద మేకకి గింజలతో పనే లేదు. పాలిచ్చేదానికి లీటరు పాలకి సుమారు 400 గ్రాముల దాణా, రెండు పూటలకి పంచి వేయండి. దాణా మార్చాలంటే పది రోజులు పాతదాంట్లో కొత్తది కలుపుతూ పోవాలి.

ప్రశ్న: మా మేకకి ఇది తొలిచూలు. మావారు ఊళ్లో లేనప్పుడు ఈనితే నేనొక్కదాన్నే ఏం చేయాలి?

జవాబు: చాలావరకు చూస్తూ కూర్చోవడమే. పోతుతో కట్టించిన రోజునుంచి 150 రోజులు లెక్కేసుకోండి, అటూ ఇటూ ఐదు రోజులు. తోక మొదట్లో రెండు పక్కలా పెన్సిల్లా తగిలే బంధనాలు మెత్తబడి వేలికి దొరక్కుండా పోతే సాధారణంగా ఒక రోజులోపే ఈనుతుంది.

రెండు ముందు గిట్టలు, వాటి మీద ఆనిన ముక్కు కనిపిస్తే దాని మానాన దాన్ని వదిలేయండి. తలొక్కటే వచ్చినా, ఒకే కాలు వచ్చినా, గట్టిగా ముక్కడం మొదలై అరగంటైనా ఏమీ కనిపించకపోయినా డాక్టర్‌కి ఫోన్ చేయండి. మీరు లాగకండి.

పిల్ల పడగానే ముక్కు, నోరు తుడిచి తల్లి ముందు పెట్టండి, నాకనివ్వండి. బొడ్డు తాడుని టించర్ అయోడిన్‌లో ముంచండి. తర్వాత ఒక్కో చన్నుని రెండు మూడుసార్లు పిండి చూడండి. రంధ్రానికి మైనంలాంటి బిరడా ఉంటుంది. అది ఊడకపోతే పిల్ల ఎంత చీకినా పాలు రావు, తాగుతోందిలే అని మనం మోసపోతాం. గంట, రెండు గంటల్లోపు ముర్రుపాలు కడుపులో పడాలి. రెండున్నర కిలోల పిల్లకి మొదటి రోజు మొత్తం మీద పావులీటరు కావాలి. నోట్లో వేలు పెడితే చల్లగా తగిలితే మాత్రం ముందు ఒళ్లు వెచ్చబెట్టి, ఆ తర్వాతే పాలు పట్టండి. మాయ పడడానికి 12 గంటలు ఆగవచ్చు. వేలాడుతోందని లాగితే గర్భసంచికే ముప్పు.

ప్రశ్న: బ్రూడర్‌లో, అంటే బల్బు వేడి మీద పిల్లల్ని పెంచే గూట్లో, కోడిపిల్లలు మూలకి చేరి ఒకదాని మీద ఒకటి పడి చస్తున్నాయి. ఎందుకు?

జవాబు: చలికి. మొదటి వారం పిల్లల ఎత్తులో 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, ఆపైన వారానికి సుమారు 3 డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. అన్నీ బల్బు కిందికి చేరితే వేడి చాలడం లేదు, నోళ్లు తెరుచుకుని అంచులకి పోతే ఎక్కువైంది. మూలలే లేకుండా అట్టతో గుండ్రంగా కట్టండి. ఒక పెద్ద బల్బుకి బదులు రెండు చిన్నవి పెడితే అర్ధరాత్రి ఒకటి మాడినా రెండోది కాపాడుతుంది. నున్నటి పేపరు పరవద్దు, కాళ్లు జారి విచ్చుకుపోతాయి. పొడి ఊక రెండంగుళాలు పోయండి. నీళ్ల గిన్నె అంచు పిల్ల వీపు ఎత్తులో ఉంచి, చుట్టూ తడిసిన ఊక రోజూ తీసేయండి. మూడో వారం దాటాక వచ్చే రక్త పారుడు ఆ తడిలోనే పెరుగుతుంది.

ప్రశ్న: పెళ్లయి రెండేళ్లైనా ఇద్దరం కలిసి మూడు రోజులు ఎక్కడికీ పోలేదు. పాలు పితకడం ఎవరికి అప్పగించాలి?

జవాబు: కొత్త చేతికి మేక సరిగ్గా పాలివ్వదు, మిగిలిన పాలతో పొదుగువాపు వచ్చే భయమూ ఉంది. అందుకని ప్రయాణాన్నే ఈత లెక్కకి కలుపుకోండి. ఈనడానికి రెండు నెలల ముందు ఎలాగూ పాలు మాన్పించాలి. దాణా ఆపి, పచ్చిమేత తగ్గించి ఎండుగడ్డి మీద ఉంచితే వారం పది రోజుల్లో పొదుగు ఎండుతుంది. మేకలన్నిటినీ ఒకే నెలలో కట్టిస్తే అన్నీ ఒకేసారి మానతాయి. పొదుగులు ఎండాక ఒక వారం ఆగి, ఈత ఇంకా నెల ఉందనగా బయల్దేరండి. అప్పుడు మీ చోట ఉండేవాళ్లకి మేత, నీళ్లు, కోళ్లగూడు తలుపు తప్ప వేరే పని ఉండదు.