వజూకే ముప్పావుగంట పడుతోంది.. డాక్టర్‌కు చూపించాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 20 ఏళ్లు. ఏడాదిగా వజూ (నమాజ్‌కు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడం) చేయడానికే ముప్పావుగంట పడుతోంది. మోచేయి తడవలేదేమోనని కడిగిందే కడుగుతుంది. నమాజ్ మధ్యలో ఆపేసి మళ్లీ మొదలుపెడుతుంది. చేతులు పగిలిపోయాయి. దమ్ (దువా చదివి ఊదడం) చేయించాం, తావీజు కట్టించాం. వస్వసా (సైతాన్ రేపే అనుమానం) అంటున్నారు. డాక్టర్‌కు చూపించాలా?
- ఒక తల్లి, కర్నూలు

జవాబు: చూపించండి, ఆలస్యం వద్దు. మీరు రాసినవి ఓసీడీ (వదలని అనుమానాలతో చేసిందే చేయించే మానసిక జబ్బు) లక్షణాలు. మనిషి దేన్ని పవిత్రంగా భావిస్తే ఈ జబ్బు దాన్నే పట్టుకుంటుంది. మడి పాటించే ఇళ్లలో మడిని పట్టుకున్నట్టే ఇక్కడ వజూను పట్టుకుంది. భక్తి ఎక్కువై కాదు, తక్కువై అంతకంటే కాదు. వదలకుండా వేధించే ఆలోచనల మీద 10వ శతాబ్దంలోనే ముస్లిం పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ తన వైద్యగ్రంథంలో ఒక అధ్యాయం రాశారు. అంటే దీన్ని వైద్యంతో ముడిపెట్టడం ఇస్లాంకు కొత్తేమీ కాదు.

అనుమానం రాగానే కడిగితే ఐదు నిమిషాలు హాయిగా ఉంటుంది. ఆ హాయే అసలు చిక్కు. కడిగితేనే గండం తప్పిందని మెదడు నేర్చుకుని, మరుసటిసారి ఇంకా గట్టిగా అడుగుతుంది. ‘అమ్మీ, ఇక్కడ తడిసిందా?’ అంటే మీరు ‘తడిసింది బేటా’ అంటుంటారు కదా, అదీ కడగడం లాంటిదే. మెల్లగా మానేయండి. ‘జవాబు చెప్పను, నీ పక్కనే కూర్చుంటాను’ అనండి.

దీనికి ఈఆర్‌పీ అనే చికిత్స ఉంది. అంటే అనుమానం వచ్చినా కడగకుండా ఓర్చుకోవడం అలవాటు చేయడం. కుళాయి కట్టేసి, లీటరు మగ్గు నీళ్లతో వజూ. ప్రవక్త ఒక ముద్ (పాతకాలపు కొలత) నీటితో వజూ చేసేవారని హదీసుల్లో ఉంది. లెక్కగట్టే తీరును బట్టి అది సుమారు అర లీటరు నుంచి లీటరు దాకా ఉంటుంది. ఏ అవయవమైనా మూడుసార్లకు మించకూడదు. నీళ్లయిపోతే వజూ అయినట్టే. అనుమానం ఉండగానే నమాజ్‌కు నిలబడాలి. మొదట్లో గుండె దడదడలాడుతుంది. కడగకుండా ఓర్చుకుంటే ఆ దడ దానంతటదే దిగుతుంది. ఒకేసారి లీటరుకు రాలేకపోతే వారానికి కొంత చొప్పున తగ్గించండి.

‘నమాజ్ చెల్లదేమో’ అంటే నమ్మకమైన ఆలిమ్‌ను (మతపండితుణ్ని) ఒక్కసారి అడగండి. అనుమానంతో నిశ్చయం చెరగదన్నది ఫిఖ్ (ఇస్లాం ధర్మశాస్త్రం) సూత్రం. అస్తమానం అనుమానాలొచ్చేవారు వాటిని పట్టించుకోనక్కర్లేదనే చెబుతారు. రోజూ ఫోన్ చేసి అడిగితే మాత్రం అదీ జబ్బులో భాగమైపోతుంది.

మందుల్లో సెర్ట్రలిన్ లాంటివి వాడతాం. సాధారణంగా 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి 200 దాకా పెంచుతాం. గుణం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. చాలామంది మూడోవారంలోనే ‘పనిచేయలేదు’ అని ఆపేస్తారు. మొదట్లో వికారం ఉండొచ్చు. ఈ వయసువారిలో తొలి వారాల్లో చిరాకు, ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయేమో కనిపెట్టి ఉండాలి. రోజుకు ఒక్కపూటే కాబట్టి రంజాన్‌లో ఇఫ్తార్ తర్వాత వేసుకోవచ్చు.

పగిలిన చేతులకు రాత్రి ఆఖరిదైన ఇషా నమాజ్ అయ్యాక వ్యాజిలిన్ రాయండి. అప్పుడైతే ‘నీళ్లు అంటవేమో’ అన్న పేచీ ఉండదు.

మీ ఊరి పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది. టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మూత్రానికి వెళ్తే వజూ పోతుందన్న భయంతో నీళ్లు తాగడం మానేసినా, చచ్చిపోతానన్నా ఓపీ రోజుదాకా ఆగకుండా వెంటనే తీసుకెళ్లండి.