పసిపిల్లలకు కర్పూరపు నూనె రాయవచ్చా?

ప్రశ్న: జలుబు చేసినప్పుడల్లా మా అత్తగారు కొబ్బరినూనెలో ముద్దకర్పూరం వేసి కాచి, పది నెలల బాబు ఛాతీకీ ముక్కుకీ రాస్తున్నారు. ఇది మంచిదేనా? దోమలకు నిమ్మగడ్డి నూనె పనిచేస్తుందా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: కొబ్బరినూనెకు కొదవలేని కోనసీమలో ఇది తరతరాల అలవాటే, పెద్దవాళ్ల ఒళ్లు నొప్పులకు కొంత ఉపశమనం కూడా ఇస్తుంది. పసివాళ్ల సంగతి వేరు. కర్పూరం చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది. పొరపాటున నోట్లోకి వెళితే కొద్ది మోతాదుకే ఫిట్స్ రావచ్చు. అందుచేత రెండేళ్ల లోపు పిల్లలకు కర్పూరం గాని, నీలగిరి తైలం గాని ముక్కు దగ్గరా ఛాతీకీ రాయకూడదు. అత్తగారి మాట కాదనలేకపోతే, కర్పూరం మానేసి ఉత్త కొబ్బరినూనెతోనే ఒళ్లు పట్టమనండి. ముక్కు దిబ్బడకు డాక్టరు సూచించే ఉప్పునీటి చుక్కలు చాలు. బాబు డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నా, పాలు తాగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నిమ్మగడ్డి నూనెలో ఘాటైన వాసననిచ్చే సిట్రాల్ దోమలను కొంతసేపు దూరంగా ఉంచుతుంది గాని, ఆ నూనె త్వరగా ఆవిరైపోతుంది. నీళ్లలో కలవదు, పైకి తేలుతుంది. కాబట్టి ముందు సబ్బునీటిలో గిలకొట్టి, ఆ నీటితో గచ్చు తుడవండి. బాబు ఒంటికి మాత్రం పూయకండి. కాలువలూ వరిమళ్లూ చుట్టూ ఉన్నచోట దోమతెరను మించినది లేదు.

మీరు అడగకపోయినా ఒక మాట: పళ్లు వచ్చే వేళ చిగుళ్లకు లవంగ నూనె కూడా రాయనివ్వకండి.