జూనియర్ ఫార్ములా టీమ్‌లు నాలుగేళ్లకే ఎందుకు మూతపడతాయి? నేను అభిమానించిన ఒక టీమ్ సంగతి

జూనియర్ ఫార్ములా టీమ్‌లు, అంటే ఫార్ములా వన్ కంటే కింది మెట్టు కార్ల రేసుల్లో ఆడే టీమ్‌లు, ఎందుకు మూతపడతాయని అడిగారు మీరు. "డ్రైవర్లు సరిగ్గా నడపలేకపోవడం వల్లేనా?" అని కూడా అడిగారు. ముమ్మాటికీ కాదండీ. నేను కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో ఒక టీమ్‌ని, తర్వాత కేటర్‌హామ్ రేసింగ్‌గా మారిన టీమ్ ఎయిర్‌ఏషియాని, బాగా అభిమానించేవాణ్ని. దాని సంగతి వింటే మీకే తెలుస్తుంది.

మలేసియా విమాన సంస్థ ఎయిర్‌ఏషియా అధిపతి టోనీ ఫెర్నాండెజ్ 2010లో ఫార్ములా వన్‌లో టీమ్ పెట్టారు. మరుసటి ఏడాది దానికి కింది మెట్టు అయిన జీపీ2లో కూడా టీమ్ ఎయిర్‌ఏషియా పేరుతో రెండు కార్లు దింపారు. ఒకటి ఇటలీ కుర్రాడు దావిదే వాల్సెక్కికి, ఇంకోటి బ్రెజిల్ కుర్రాడు లూయిజ్ రాజియాకి. ఆ మే నెలలోనే వాల్సెక్కి మొనాకోలో మెయిన్ రేసు (వారాంతపు రెండు రేసుల్లో పెద్దది) గెలిచేశాడు! రెండు పక్కలా గోడలుండే ఆ ట్రాక్ మీద ఓవర్‌టేక్ చేయడమే గగనం. పైగా జీపీ2లో అప్పట్లో అందరివీ ఒకే డల్లారా కంపెనీ కార్లు, ఒకే 4 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్, ఒకే పిరెల్లి టైర్లు. డబ్బుతో ఇంజిన్ కొనుక్కుని ముందుకెళ్లే వీలుండేది కాదు. కారు సెట్ చేసేవాళ్ల పనితనం ఉంటేనే గెలిచేవారు.

ఫెర్నాండెజ్ కేటర్‌హామ్ కార్ల కంపెనీని కొనడంతో 2012లో టీమ్ పేరు కేటర్‌హామ్ రేసింగ్ అయింది. పాత డ్రైవర్లిద్దరూ వెళ్లిపోయారు. ఆ ఏడాది జీపీ2 ఛాంపియన్ ఎవరనుకున్నారు? వాల్సెక్కి, డామ్స్ టీమ్‌లో. రెండో స్థానం రాజియాది, ఆర్డెన్ టీమ్‌లో. అంత మంచి జోడీని ఏరి తెచ్చుకున్న టీమ్ ఇది. ఎంపిక చేతకానివాళ్లని ఎవరైనా అంటే నేను ఊరుకోను.

2013 మార్చిలో మలేసియా రేస్ ట్రాక్ సెపాంగ్‌కి వెళ్లాను. కార్గో పనిలో ఉన్న తెలుగాయన ఒకరి పుణ్యమా అని జీపీ2 వాళ్లు పనిచేసుకునే చోటుకి పాస్ దొరికింది. ఎండ మాడ్చేస్తోంది. పచ్చ రంగు కారు ముక్కు ఊడదీసి మళ్లీ బిగిస్తున్నారు. మెడకి తడి తువ్వాలు చుట్టుకున్న మెకానిక్ ఒకతను అతుకు మీద టేపు వేసి, ఎక్కడా గాలి దూరకుండా బొటనవేలి గోరుతో అంగుళం అంగుళం నొక్కుతున్నాడు. సరిగ్గా అంటలేదని మొత్తం పీకేసి మళ్లీ మొదలుపెట్టాడు. చుట్టూ ఇంజిన్ల మోత, అతను తల కూడా ఎత్తలేదు. ఆ శ్రద్ధ చూశాక ఆ టీమ్ మీద నాకు గౌరవం పదింతలైంది.

అప్పుడు ఒక కారు చైనా కుర్రాడు మా చింగ్‌హువాది. తర్వాతి రౌండ్ బహ్రెయిన్‌కి వచ్చేసరికి అదే సీట్లో అమెరికా కుర్రాడు అలెగ్జాండర్ రోసీ ఉన్నాడు. వస్తూనే మెయిన్ రేసులో మూడో స్థానం! ఏడాది చివర అబుదాబిలో మెయిన్ రేసు గెలిచాడు. కారులో లోపం ఉంటే ఇది జరిగేదా?

మనవాళ్ల మీద కూడా నాకు కోపం ఉంది. సెపాంగ్‌కి వచ్చే తెలుగువాళ్లు ఫార్ములా వన్ మొదలయ్యే వేళకి వచ్చేవారు. పొద్దున జీపీ2 రేసుకి స్టాండ్లు బోసిపోయేవి. హైదరాబాద్‌లో మాత్రం? 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ (కరెంటు కార్ల రేసు) జరిగితే వాట్సాప్ నిండా ట్రాఫిక్ జామ్ గోలే. 2024 రేసు రద్దయితే అయ్యో అన్నవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు.

అసలు విషయానికొస్తా. 2014 జూలైలో ఫెర్నాండెజ్ ఫార్ములా వన్ టీమ్‌ని అమ్మేశారు. అక్టోబర్‌కి అది దివాలా నిర్వాహకుల చేతిలోకి పోయింది. చెట్టు కూలాక కొమ్మ నిలబడుతుందా? ఆ ఏడాది జీపీ2లో రోసీ మధ్యలోనే వెళ్లిపోయాడు. ఆ సీట్లో టామ్ డిల్‌మన్ కూర్చున్నాడు, ఇటలీలోని మోంజా రేసుకి పియర్ గాస్లీ వచ్చాడు. సీజన్ అయ్యాక జీపీ2లో ఆ టీమ్ స్థానం స్టేటస్ గ్రాండ్ ప్రి అనే టీమ్ తీసుకుంది. 2016కి వాళ్లూ లేరు.

ఆ నాలుగేళ్లలో అక్కడ కూర్చున్న కుర్రాళ్లని చూడండి. రోసీ 2016లో అమెరికాలోని పేరున్న రేసు ఇండీ 500 గెలిచాడు. గాస్లీ 2020లో అదే మోంజాలో ఫార్ములా వన్ రేసు గెలిచాడు. రాజియాకి మాత్రం 2013లో మారుస్సియా టీమ్‌లో ఫార్ములా వన్ సీటు ఖాయమయ్యాక, స్పాన్సర్ డబ్బు అందలేదని సీజన్ మొదలవకముందే తీసేశారు. ఛాంపియన్ వాల్సెక్కి కూడా ఫార్ములా వన్ రేసు ఒక్కటీ నడపలేదు. నాకు ఇప్పటికీ మండుతుంది.

నన్నడిగితే నూటికి తొంభై టీమ్‌లు ఇలాగే పోతాయి. కారణం ట్రాక్ మీద వెతక్కండి, యజమాని ఖాతాలో వెతకండి. జూనియర్ సిరీస్‌లో టీమ్ పెడతానని వచ్చిన ప్రతి యజమాని చేతా నిర్వాహకులు మూడేళ్ల ఖర్చు ముందే డిపాజిట్ కట్టించుకోవాలి. యూరప్‌లో అయినా మన ఫార్ములా 4లో అయినా ఇదే రూలు పెట్టాలంటాను.