మందుల కార్డు సంగతి, చిట్టీ

ఎడిసన్,
అక్టోబర్ 2025

చిట్టీ,

నిన్న ఫోన్లో సర్కారు వారి మందుల కార్డుకి అర్జీ పెట్టుకోమంటే "మాకెందుకులే అక్కా, అది లేనివాళ్ళకి" అని ఊరుకున్నావు. రాత్రి పడుకున్నాక ఆ మాటే తిరిగింది. నేనూ అరవై ఐదు నిండినప్పుడు సరిగ్గా అదే అనుకున్నాను. సొంత ఇల్లుంది, బ్యాంకులో నాలుగు రాళ్ళున్నాయి, మనకెవరిస్తారు అని మూడేళ్ళు అడగనే లేదు. ఆ మూడేళ్ళూ మీ బావగారి గుండె బిళ్ళలకీ నా షుగరు బిళ్ళలకీ కట్టిన డబ్బుతో ఇండియాకి రెండు టికెట్లు వచ్చేవి.

మందుల ఖర్చులో సాయం చేసే ఈ పథకాన్ని న్యూజెర్సీ రాష్ట్రం నడుపుతుంది. పొట్టి పేరు పాడ్. మొదటిసారి ఆ మాట వినగానే మీ బావగారు "పొద్దున్నే పాడె అంటావేమిటే" అని కసిరారు. పేరు సంగతి వదిలెయ్. అరవై ఐదు దాటినవాళ్ళకీ, అంతకంటే చిన్నవాళ్ళయినా జబ్బుతో పని చెయ్యలేక సోషల్ సెక్యూరిటీ డిసేబిలిటీ డబ్బు వస్తున్నవాళ్ళకీ ఇది వర్తిస్తుంది. అంటే ఫిబ్రవరిలో అరవై ఐదు నిండే మరిదిగారికీ వస్తుంది, కీళ్ళ జబ్బుతో ఉద్యోగం మానేసిన నీకూ వస్తుంది. నీకు యాభై ఎనిమిదే కదా అని ఆగక్కర్లేదు.

ఇందులో చూసేది ఆదాయాన్నే. ఇల్లు, కారు, బ్యాంకులో దాచుకున్న సొమ్ము లెక్కలోకి రావు. 2025లో ఒంటరిగా ఉన్నవాళ్ళకి ఏడాదికి 53,446 డాలర్లు, దంపతులకి ఇద్దరిదీ కలిపి 60,690 డాలర్లు. ఆదాయం అంతకు లోపల ఉండాలి. ఈ అంకె ఏటా మారుతుంది. ఒకసారి రాలేదని జన్మంతా రాదనుకోకు. కాస్త ఎక్కువైనా సీనియర్ గోల్డ్ అని ఇంకో పథకం ఉంది. దాని పరిమితి ఇంకో పదివేలు పైన. అందులో ఒక్కో మందుకి ముందు 15 డాలర్లు, మిగిలిన ధరలో సగం మనం పెట్టుకోవాలి. పాడ్‌లో మాత్రం జెనరిక్ మందుకి 5 డాలర్లు, బ్రాండు మందుకి 7 డాలర్లు. నీ ఇంజెక్షన్ రేటు విని నేను కుర్చీలో కూలబడ్డాను గుర్తుందా? అది నీ మందుల బీమా ప్లాను జాబితాలో ఉంటే నువ్వు ఇవ్వాల్సింది ఆ ఏడు డాలర్లే.

ఆదాయం రాసేటప్పుడు ఇద్దరూ ఒళ్ళు దగ్గర పెట్టుకోండి. సోషల్ సెక్యూరిటీ డబ్బు బ్యాంకులో పడేసరికి మెడికేర్ (పెద్దవాళ్ళకీ వికలాంగులకీ కేంద్రం ఇచ్చే ఆరోగ్య బీమా) పార్ట్ బి, అంటే డాక్టరు ఖర్చుల భాగం, దాని ప్రీమియం, 2025లో నెలకి 185 డాలర్లు, కోసుకునే పడుతుంది. చేతికొచ్చింది కాదు, కోతకి ముందున్న మొత్తం రాయాలి. ఇంకోటి, విజయవాడ బ్యాంకులో మరిదిగారి ఫిక్సెడ్ డిపాజిట్ల వడ్డీ. "అది ఇండియా డబ్బు కదా" అంటారాయన, నాకు తెలుసు. ఇక్కడి పన్ను కాగితాల్లో ప్రపంచంలో ఎక్కడి వడ్డీ అయినా చూపించాల్సిందే, ఈ అర్జీలోనూ అంతే. దాచి తెచ్చుకున్న కార్డుతో నిద్ర పట్టదు.

పాడ్ ఒక్కటే చాలదు, మెడికేర్ ఉన్నవాళ్ళు పార్ట్ డి మందుల ప్లాన్‌లో కూడా చేరాలి. తక్కువ ప్రీమియం ఉండే మామూలు ప్లాన్లు కొన్నింటికి ఆ ప్రీమియం పాడే కడుతుంది. ఖరీదైనది ఎంచుకుంటే ఆ భారం మీదే. మరిదిగారికి పుట్టిన నెలా, ముందు మూడు, వెనక మూడు, మొత్తం ఏడు నెలల గడువుంది. అంటే వచ్చే నవంబరు నుంచి మే దాకా. "నేను ఒక్క బిళ్ళ కూడా వేసుకోను, నాకెందుకు" అని ఆయన అంటే వినకు. మందుల బీమా ఏదీ లేకుండా గడిచిన ప్రతి నెలకీ ఒక శాతం చొప్పున ప్రీమియం మీద జరిమానా లెక్కకడతారు, అది ఏటా వెంటాడుతుంది. నీకు మెడికేర్ కార్డు వచ్చేసింది కాబట్టి అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 లోగా నీ ప్లాను జాబితా ఒకసారి తిరగెయ్. కంపెనీలు ఏటా మందులు మార్చేస్తాయి. జాబితాలోంచి నీ మందు తీసేస్తే డాక్టరుతో మినహాయింపు అడిగించాలి, లేదా వేరే మందుకి మారాలి.

కార్డు వచ్చాక ఇంకో తప్పు నేను చేశాను, నువ్వు చెయ్యకు. మందుల షాపులో పార్ట్ డి కార్డు ఒక్కటే చూపించాను. వాళ్ళు అదే కంప్యూటర్లో ఎక్కించుకున్నారు, నేను అడగలేదు. రెండు నెలలు ఇరవై, ముప్ఫై డాలర్లు కడుతూనే ఉన్నాను. రెండు కార్డులూ కలిపి ఇవ్వు, బిల్లు మీద అంకె చూసే సంచి తీసుకో.

సూట్‌కేసు మందుల సంగతి కూడా చెప్తాను, కోపం తెచ్చుకోకు. వదిన ప్రతి ప్రయాణంలో గుంటూరు నుంచి ఆర్నెల్ల బీపీ బిళ్ళలు తెస్తుంది, ఆ ప్రేమ నాకు తెలుసు. కానీ ఇక్కడి డాక్టరుకి నువ్వు ఏం మింగుతున్నావో తెలియదు. న్యూజెర్సీ బయట కొన్న మందుకి పాడ్ పైసా ఇవ్వదు. ఐదు డాలర్లకి ఇక్కడే దొరుకుతుంటే ఆ బరువు ఎందుకు? ఆ చోటులో గోంగూర పచ్చడి తెమ్మను.

అర్జీ రాష్ట్రం వెబ్‌సైటులో ఎన్‌జేసేవ్ అనే చోట పెట్టొచ్చు, కాగితం మీదా పెట్టొచ్చు. దానికి రుసుము లేదు. ఎవరైనా ఫోన్ చేసి మెడికేర్ నంబరు చెప్పండి, చేర్పిస్తాం అంటే పెట్టేసెయ్. ఆ ఒక్క ఫారంతోనే కరెంటు, గ్యాసు బిల్లులకి లైఫ్‌లైన్ కింద ఏడాదికి 225 డాలర్ల సాయం కూడా చూస్తారు. ఫారం అర్థం కాకపోతే ప్రతి కౌంటీలో షిప్ అనే ఉచిత సలహాదారులు ఉంటారు, వాళ్ళు ఏ కంపెనీ తరఫునా ప్లాన్లు అమ్మరు.

ఇక సర్కారు సాయం తీసుకోవడానికి సిగ్గు సంగతి. అట్లాంటిక్ సిటీ క్యాసినోల మీద వచ్చే పన్నులో కొంత పెద్దవాళ్ళకీ వికలాంగులకీ కేటాయించిన నిధికి వెళ్తుంది, పాడ్‌కి అందులోంచీ డబ్బు వస్తుంది. మీ బావగారు అక్కడ మెషీన్లో పోసిన నలభై డాలర్లు తిరిగి వసూలు చేసుకుంటున్నాననే నేననుకుంటాను.

శనివారం మధ్యాహ్నం రండి. వయసు రుజువు, ఇంటి చిరునామా రుజువు, నీ డిసేబిలిటీ ఉత్తరం, ఇద్దరి సోషల్ సెక్యూరిటీ ఉత్తరాలు, పోయిన ఏటి పన్ను కాగితాలు పట్టుకురండి. మందుల సీసాలన్నీ ఒక సంచిలో వేసి తెచ్చెయ్, పేర్లు నేను రాసి పెడతాను. నీ చేతులకి ఈ చలిలో పెన్ను పట్టుకోవడం కష్టం.

మీ అక్క