గ్రాంట్ ఆగిపోయాక సంస్థ నిలబడాలంటే ముందు రెండు ఖాతాలు విడదీయండి

దివ్యాంగులకు పని ఇచ్చే చిన్న సంస్థ నడుపుతున్నామని, ఆదాయంలో సగానికి పైగా గ్రాంటే అని, అది ఇంకో ఆరు నెలల్లో అయిపోతుందని రాశారు. ఆ తర్వాత ఎలా నెట్టుకురావాలి అన్నది మీ ప్రశ్న. సరిగ్గా ఇదే గండం మాకూ వచ్చింది. నేనూ మా స్నేహితురాలూ కలిసి వినికిడి లోపం ఉన్నవాళ్లతో ఒక యూనిట్ తొమ్మిదేళ్లు నడిపాం. మొదటి రెండున్నరేళ్లు గుడ్డ సంచులు కుట్టాం, మిగతా కాలమంతా లాండ్రీ. కాబట్టి నేను చెప్పేదంతా ఆ రెండింట్లో తిన్న ఎదురుదెబ్బల నుంచే.

సంచుల సంగతి ముందు చెప్తాను. ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెడితే జనం బాగానే వచ్చేవారు. "మంచి పని చేస్తున్నారండీ" అనేవారు, ఒక సంచి కొనేవారు, ఫొటో కూడా దిగేవారు. మళ్లీ వచ్చేవారు కాదు. సంచి పాడు సరుకేం కాదు, అలాగని దానికోసం వెతుక్కుంటూ వచ్చేంత గొప్పదీ కాదు. వాళ్లు కొన్నది మా కథను. దాన్ని ఎవరైనా ఒకసారే కొంటారు. ఈ చిన్న విషయం మా బుర్రకెక్కడానికి రెండేళ్లు పట్టింది, ఎందుకంటే మెచ్చుకోళ్లు వింటుంటే అమ్మకాలు బాగున్నట్టే అనిపిస్తుంది.

గ్రాంట్ చివరి ఏడాదిలో రిటైరైన అకౌంటెంట్ ఒకాయన్ని బతిమాలి లెక్కలు చూపించాం. "ఒక్కో సంచికి ఎంత పడుతోంది?" అని అడిగారాయన. గుడ్డ, దారం, కుట్టుకూలి కలిపి చెప్పాం. "మరి సూపర్‌వైజర్ జీతం? సైగల భాష నేర్పే టీచర్ జీతం? కొత్తవాళ్లు పని నేర్చుకునే ఆరు నెలల్లో పాడయ్యే గుడ్డ?" అవన్నీ గ్రాంట్‌లోంచి పోతాయన్నాం. ఆయన కళ్లజోడు తీసి, "అంటే సంచి కొన్నవాడికి మీరే ఎదురు డబ్బులిచ్చి పంపుతున్నారన్నమాట" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎక్కువ అమ్మితే గట్టెక్కుతాం అనుకుంటున్నాం, నిజానికి ఎంత ఎక్కువ అమ్మితే అంత మునుగుతున్నాం.

ఆయన మాతో చేయించిన పనినే మీకూ చెప్తున్నాను. ఖర్చులన్నీ రెండు ఖాతాలుగా విడదీయండి. ఇదే పని చేసే మామూలు వ్యాపారికి కూడా అయ్యే ఖర్చంతా మొదటి ఖాతా. మీ ఆశయం వల్ల మాత్రమే అయ్యే అదనపు ఖర్చు రెండోది. శిక్షణ, ఎక్కువ పర్యవేక్షణ, దుబాసీ, నెమ్మదిగా సాగే పని, ఇలాంటివి. మొదటి ఖాతా మొత్తం కస్టమరే భరించాలి, అందులో ఒక్క పైసా కూడా గ్రాంట్‌లోంచి పెట్టకూడదు. రెండో ఖాతా గ్రాంట్ భరించవచ్చు, విరాళం భరించవచ్చు, మిగులు ఉంటే మీరే భరించవచ్చు. కానీ అది ఎంతో, ఎవరు కడుతున్నారో నెలనెలా తెలిసి ఉండాలి.

ఇలా విడదీశాక ఇంకో నిజం బయటపడింది, ఇది కాస్త సిగ్గుపడాల్సిందే. రెండో ఖాతాలో మేం వేసుకున్న ఖర్చుల్లో మూడో వంతు ఆశయం వల్ల వచ్చింది కాదు, మా చేతకానితనం వల్ల వచ్చింది. గుడ్డ కత్తిరించడంలో వృథా, ఆర్డర్ లేకుండా కుట్టి పోగేసిన సరుకు, అన్నీ "సేవ" పేరు కింద దాక్కున్నాయి. అసలైన అదనపు ఖర్చును కూడా తగ్గించవచ్చని తర్వాత తెలిసింది. లాండ్రీ పెట్టినప్పుడు మెషిన్ ఆగిందని చెప్పే బజర్‌కి బదులు లైటు పెట్టించాం, ఏ బట్టకు ఏ సబ్బు, ఎంత వేడి అన్నది గోడమీద బొమ్మలుగా గీయించాం. దుబాసీ రోజంతా ఉండాల్సిన అవసరం తప్పింది. దాతల దగ్గరికి వెళ్లినప్పుడు కూడా "మాకు సాయం చేయండి" అనడం మానేసి, "ఒక మనిషికి పని నేర్పడానికి మాకు ఇంత అవుతుంది, ఎంతమందికి ఇస్తారు?" అని అడగగలిగాం.

లాండ్రీకి ఎందుకు మారామంటే, హాస్టళ్లకూ ఆసుపత్రులకూ దుప్పట్లు రోజూ మాస్తాయి. జాలితో ఒకసారి కొనే జనం కంటే అవసరంతో ప్రతిరోజూ పిలిచే ముగ్గురు కస్టమర్లు మేలు. అయితే వాళ్లకు మా కథ అక్కర్లేదు. లెక్క సరిపోయిందా, మరక పోయిందా, టైముకు వచ్చిందా, అంతే. మొదటి హాస్టల్ రెండో నెలలోనే మమ్మల్ని మానేసింది, రెండుసార్లు ఆలస్యం చేశామని. బాధేసింది గానీ, మొదటిసారి మమ్మల్ని మామూలు వ్యాపారంలా చూసింది కూడా వాళ్లే.

పెద్ద సంస్థల్ని చూసినా ఇదే కనిపిస్తుంది. డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో మదురైలో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి గురించి చెప్పేటప్పుడు అందరూ ఉచిత ఆపరేషన్ల గురించే చెప్తారు. నాకు ముఖ్యంగా కనిపించేది దాని వెనకున్న పని పద్ధతి. ఒక ఆపరేషన్ అయ్యేసరికి పక్క టేబుల్ మీద తర్వాతి రోగి సిద్ధంగా ఉంటారు, సర్జన్ సమయం వృథా కాదు. కంట్లో అమర్చే లెన్సులు దిగుమతి చేసుకుంటే ఖరీదని 1992లో ఆరోల్యాబ్ పెట్టి సొంతంగా తయారు చేయడం మొదలుపెట్టారు. అలా ఒక్కో ఆపరేషన్ ఖర్చు దిగింది కాబట్టే డబ్బు కట్టగలిగినవాళ్ల నుంచి వచ్చేది కట్టలేనివాళ్లకూ సరిపోతోంది. ఖర్చు దించకుండా, ఉన్నవాళ్ల దగ్గర తీసుకుని లేనివాళ్లకు ఇద్దాం అనుకుంటే ఆ లెక్క కుదరదు.

దీనికి ఎదురు ఉదాహరణ బంగ్లాదేశ్‌లోని గ్రామీణ్ డానోన్, అక్కడి గ్రామీణ్ సంస్థలూ ఫ్రాన్స్‌కి చెందిన పాల ఉత్పత్తుల కంపెనీ డానోన్ కలిసి పెట్టిన సంస్థ. పేద పిల్లల కోసం పోషకాలు కలిపిన పెరుగు అమ్మడానికి 2006లో పెట్టారు. 2008లో పాల ధర పెరిగేసరికి కప్పు ధర పెంచారు, పల్లెల్లో అమ్మకాలు ఒక్కసారిగా పడిపోయాయి. తర్వాత కప్పు చిన్నది చేసి, ఢాకా నగరంలో కూడా అమ్ముతూ ఆ ఆదాయంతో సర్దుకోవాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీ అండ ఉన్నా, ఏమాత్రం ధర పెంచినా కొనలేని కస్టమర్ల మీదే ఆధారపడితే ఇంతే. మనం సేవ చేసేదీ, మనకు డబ్బిచ్చేదీ ఒకరే కానక్కర్లేదు. చాలాసార్లు వేరుగా ఉంటేనే నయం.

ఇక టెన్షన్ పెట్టే అసలు విషయం, చేతిలో రొక్కం. లాండ్రీ మూడో ఏడు మాకు పుస్తకాల్లో లాభం, జీతాల రోజున ఖాతాలో సున్నా. పనిలో అరవై శాతం ఒకే పెద్ద కస్టమర్‌ది, వాళ్లు బిల్లు తొంభై రోజులకు గానీ కట్టరు. గట్టిగా అడుగుదామంటే పోతారేమోనని భయం. ఆ నెల నా బంగారం తాకట్టు పెట్టి జీతాలిచ్చాను. మీరు ఆ పని చేయకండి. ఆ తర్వాత రెండు నియమాలు పెట్టుకున్నాం. మొత్తం పనిలో మూడో వంతుకు మించి ఒక్కరి మీద ఆధారపడకూడదు. మూడు నెలల జీతాలకు సరిపడా డబ్బు పక్కన ఉండాలి. రెండోది కూడబెట్టడానికి నాలుగేళ్లు పట్టింది, మధ్యలో ఒకసారి మొత్తం ఖర్చయింది కూడా.

పెట్టుబడిదారుల గురించి నాకు పెద్దగా అనుభవం లేదు, అప్పు తీసుకునే ముందు మాత్రం మొదటి ఖాతా మిగులులో ఉందో లేదో చూసుకోండి. అది నష్టంలో ఉంటే అప్పు ఆ నష్టాన్ని పెద్దది చేస్తుంది. అలాగే కొన్ని పనులకు ఎప్పటికీ కొనేవాడు ఉండడు. మీది అలాంటిదైతే వ్యాపారం వేషం వేయకుండా ధార్మిక సంస్థగానే నడపండి, అందులో చిన్నతనం లేదు.

మీ ఆరు నెలల విషయానికొస్తే, దాతను ఇప్పుడే అడగండి, మిగిలిన గ్రాంట్‌లో కొంత భాగాన్ని రోజువారీ ఖర్చులకు కాకుండా నిల్వ నిధిగా ఉంచుకోనిస్తారా అని. మా దాత ఒక్క ఉత్తరానికే ఒప్పుకున్నారు. తాము డబ్బు పెట్టిన సంస్థ మూతపడాలని వాళ్లకూ ఉండదు కదా. ఆలోగా ఎక్కువగా అమ్ముడయ్యే ఒక్క వస్తువుకు రెండు ఖాతాల లెక్క వేయండి. ధర పెంచాల్సి వస్తే మొహమాటపడకండి. మేం లాండ్రీ రేటు పెంచినప్పుడు ఐదుగురిలో ఒక్కరే వెళ్లిపోయారు. ఎవరనుకున్నారు? ఆ తొంభై రోజుల కస్టమరే.