శని, ఆదివారాలు పడుకునే ఉన్నా అలసట తీరడం లేదు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. రాయదుర్గంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. ఇల్లు నాగోలులో. వారమంతా టెన్షనే. శని, ఆదివారాలు ఎక్కడికీ కదలకుండా సోఫాలో పడుకుని ఫోన్ చూసుకుంటాను. అయినా ఆదివారం సాయంత్రానికి గుండెల్లో బరువు మొదలవుతుంది. భార్యాపిల్లలు బయటికి వెళ్దామంటే విసుక్కుంటున్నాను. 'ఇంట్లో ఉన్నా మీరు ఇక్కడ లేరు' అంటోంది మా ఆవిడ. నాకు విశ్రాంతి తీసుకునే హక్కు లేదా?

జవాబు: ఎందుకు లేదు, ఉంది. మీరు తీసుకుంటున్నది విశ్రాంతేనా అన్నది నా అనుమానం. మీరు చూసే ఆ ఫోన్‌లోనే ఆఫీసు మెయిలూ, టీమ్ వాట్సాప్ గ్రూపూ ఉండి ఉంటాయి. ఒళ్లు సోఫాలో ఉంటే మనసు సోమవారం మీటింగులో తిరుగుతోంది. మీ ఆవిడ అన్నమాట కూడా అదే.

ఉద్యోగులు ఎలా కోలుకుంటారన్న దానిపై సబీన్ జొనెన్‌టాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ అనే పరిశోధకులు 2007లో నాలుగు విషయాలు గుర్తించారు. పని ఆలోచన నుంచి మనసు బయటపడటం, సేదతీరడం, ఏదైనా కొత్తది నేర్చుకోవడం, ఖాళీ సమయాన్ని మన ఇష్టప్రకారం గడపడం. మీరు సేదతీరడం ఒక్కదాన్నే పట్టుకున్నారు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. ఒత్తిడి పెరిగేకొద్దీ మిగతావాటికి ఓపిక ఉండదు, అసలు చిక్కంతా అక్కడే.

సగంలో వదిలేసిన పనులు మనసును లాగుతూనే ఉంటాయి. వాటిని ఎప్పుడు, ఎలా పూర్తి చేయాలో నిర్ణయించుకుంటే ఆ లాగుడు తగ్గుతుంది. అందుకే శుక్రవారం మెట్రోలో ఒక పని చేయండి. మీరు ఎక్కేదీ దిగేదీ ఒకే లైనుకు రెండు చివరలు కాబట్టి సీటు దొరకడం కష్టం కాదు. మిగిలిపోయిన పనులు కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన సోమవారం వేయాల్సిన మొదటి అడుగు రాయండి. 'రిలీజ్ సంగతి చూడాలి' అని రాస్తే లాభం లేదు, 'పదింటికి టెస్టింగ్ వాళ్లతో మాట్లాడాలి' అని రాయాలి. అమీర్‌పేట దాటాక ఆఫీసు గ్రూపు తెరవకండి. నిజంగా కొంప మునిగే పని ఉంటే ఫోన్ చేయమని టీమ్‌కు, మేనేజర్‌కు ముందే చెప్పండి. మొదటి రెండు వారాలు చేయి దురద పెడుతుంది, పర్వాలేదు.

శనివారం ఉదయం ఆఫీసును మరిపించేది ఏదైనా పెట్టుకోండి. షటిల్, ఈత, చిన్నప్పుడు వదిలేసిన మృదంగం, ఏదైనా సరే. పిల్లలను సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లొచ్చు. దానికి సెలవు శుక్రవారమే. గంట గంటకూ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం ముందు నిలబడితే కాసేపు మీరూ పిల్లాడైపోతారు. దుర్గం చెరువు వైపు మాత్రం వద్దు. చెరువు బాగానే ఉంటుంది గానీ, తలెత్తితే మళ్లీ ఆఫీసు అద్దాల మేడలే!

ఒక మాట సూటిగా అడుగుతాను. మీ ఆవిడకు సెలవు ఎప్పుడు? ఆమె ఉద్యోగం చేస్తారో లేదో మీరు రాయలేదు. మీరు సోఫాలో ఉన్నప్పుడు వంట, పిల్లల హోంవర్కు, సోమవారం యూనిఫాంల ఇస్త్రీ ఎవరు చూస్తున్నారు? శనివారం ఉదయం మీది అయితే సాయంత్రం పూర్తిగా ఆమెది కావాలి. ఆ సాయంత్రమంతా పిల్లలు, వంట మీ బాధ్యత, 'ఉప్పు డబ్బా ఎక్కడ' అని ఫోన్ చేయకుండా. ఆదివారం ఎక్కడికి వెళ్లాలో శుక్రవారం రాత్రే ఇద్దరూ మాట్లాడుకోండి. అప్పటికప్పుడు అడిగితే వచ్చే విసుగు చాలావరకు తగ్గుతుంది.

ఇద్దరు ముగ్గురి పని మీ ఒక్కరి మీద పడుతుంటే మాత్రం ఏ సెలవూ సరిపోదు. అప్పుడు మాట్లాడాల్సింది మేనేజర్‌తో. గుండెల్లో బరువు అన్నారు కాబట్టి ముందు డాక్టరుకు చూపించుకోండి, అన్నీ టెన్షన్ ఖాతాలో వేయొద్దు. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా మానసిక వైద్యుడిని కలవాలి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ సేవ, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.