గెడ్డ దాటేముందు దిగి చూడమ్మా

గాజువాక

అమ్మలూ,

నీ జీతంతో థార్ జీపు కొన్నావని, వానలు తగ్గకుండానే దాన్ని పాడేరు మీదుగా కొండదార్లకి ఎక్కిస్తావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో ఆడపిల్ల ఫోర్ వీల్ గేరు వెయ్యడం ఇదే మొదలు. వీధిలో నలుగురికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. బెల్టు పెట్టుకో, వెనక ఎవర్నీ నిలబడనివ్వకు. ఘాటీ ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసేవాళ్ళ మాట వినకు, బ్రేకులు కాలి పట్టు వదిలేస్తాయి. మట్టిదారిలో నిటారు వాలు వస్తే నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా తిరిగే ఫోర్ లోలో మొదటి గేరు వేసి క్లచ్ మీంచి కాలు తీసెయ్, ఇంజనే బండిని పట్టుకుంటుంది. వాలుకి అడ్డంగా తిప్పావో, పల్టీ కొడుతుంది. ఎక్కలేక ఆగిపోతే రివర్సు గేరులో వచ్చిన దారినే తిన్నగా వెనక్కి రా. స్టీరింగు లోపలికి బొటనవేళ్ళు దూర్చకు, రాయి తగిలి గిర్రున తిరిగితే వేలు విరుగుతుంది.

నా భయమంతా గెడ్డల గురించే, ఆ కొండవాగుల గురించే. ఏజెన్సీలో నేను జీపు తోలే రోజుల్లో మాతో ఒక డ్రైవరుండేవాడు. నాకంటే పెద్దవాడు, చెయ్యి తిరిగినవాడు. ఓరోజు పొద్దున్న ఆయన బండిలో గెడ్డ దాటి అవతలి ఊరికి వెళ్ళాం. మోకాలి లోతు కూడా లేదు. సాయంత్రం తిరిగొచ్చేసరికి మా మీద చినుకు పడలేదు గానీ, పైన కొండమీద మబ్బు నల్లగా పట్టింది. నీళ్ళు ఎర్రబడ్డాయి, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నాయి. దిగి చూద్దామన్నాను. "పొద్దున్న చూశాం కదేటి" అని దించేశాడు. నడిమధ్యలో ఇంజను ఆగింది. మళ్ళీ సెల్ఫ్ కొట్టాడు. అక్కడే అసలు చెడింది. సిలిండర్లోకి దూరిన నీరు గాలిలా అణగదు కదా, పిస్టన్ని తోసే కనెక్టింగ్ రాడ్డు వంగిపోయింది. ఇంజను పోతే పోయింది, నీళ్ళు పక్కనుంచి తోస్తుంటే చక్రాల కింద ఇసుక జారడం కూర్చున్న నాకు తెలుస్తోంది. ఒడ్డునున్న ఊరివాళ్ళు మోకు విసిరారు. ఒక్కొక్కళ్ళం పట్టుకుని బయటపడ్డాం. జీపు మర్నాడు దిగువన బండల మధ్య దొరికింది. ఆయన అన్నం క్యారేజీ మూత కూడా ఊడలేదు, చిత్రం!

నీ బండి 650 మిల్లీమీటర్ల నీటిలో నడుస్తుందని కంపెనీ రాసిందట. ఆ లెక్క పారే నీటికి పనికిరాదు. రెండడుగుల ప్రవాహం పెద్ద బండినైనా లేపేస్తుంది. దాటేముందు ఊళ్ళో అడుగు. మనిషి నడవలేని చోట బండి దించకు. ఎర్రనీళ్ళు కనపడితే వెనక్కి వచ్చెయ్, ఆ రాత్రి పాడేరులోనే పడుకో. నీళ్ళలో ఇంజను ఆగితే తాళం ముట్టుకోవద్దు. క్షేమంగా దాటాక బ్రేకు మెల్లగా రెండుమూడుసార్లు తొక్కి ఆరనివ్వు.

వీడియో కోసం నీళ్ళు చిమ్మిస్తూ దూకించావని తెలిసిందా, తాళాలు నా దగ్గరుంటాయి. పెద్దదానివైపోయావని ఊరుకోను. చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని హారను కొట్టినదానివే.

మెత్తనేలలో జాకీ దిగబడిపోతుంది. దాని కింద పెట్టే చెక్క పలక ఒకటి నా దగ్గరుంది. ఆదివారం వచ్చి తీసుకెళ్ళు, అత్త చేపల పులుసు పెడతానంటోంది.

మీ మావయ్య